అందిన పుస్తకాలు

ఈ సంచికలో దాదాపు సగం పేజీలు పుస్తక సమీక్షలకే ఇచ్చాం. హక్కుల పత్రికలో ఇన్ని సమీక్షలెందుకని అడిగే మిత్రులుంటారు. బీడీ కార్మికుల కూలి రేట్లు, గృహహింస కేసులు, ఒంటరి స్త్రీల భూమి పట్టాలు ఇన్ని పెట్టుకుని పుస్తకాలా అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

ఏడేళ్ళ కిందట బోధన్ దగ్గరి ఒక ఊరి నుంచి మాకొక కథల పుస్తకం వచ్చింది. సొంత ఖర్చుతో వేసుకున్నది. రెండు ప్రతులు, వాటితో ఒక చేతిరాత ఉత్తరం. నేను దాన్ని 'అందిన పుస్తకాలు' పట్టికలో చేర్చాను. పేరు, పేజీలు, వెల, చిరునామా. అంతే. మూడు నెలల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "మేడం, నా పుస్తకం చదివిండ్రా?" అనడిగింది. "చదివానమ్మా, బాగుంది, రాస్తూ ఉండండి" అన్నాను. కాసేపు ఊరుకుని, "ఏ కథ బాగనిపిచ్చింది మేడం?" అంది. నేను చదవలేదు. మీటింగులో ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

స్త్రీలు తమ అనుభవాన్ని తామే చెప్పాలని మనం ఎన్ని వేదికల మీద అన్నామో లెక్కలేదు. వాళ్ళు చెప్పి, అచ్చు వేయించి, పోస్టు ఖర్చులు కూడా పెట్టుకుని పంపితే, ఆ పుస్తకాన్ని తెరవకుండా 'బాగుంది' అన్న మనిషి ఒక స్త్రీవాద పత్రిక సంపాదకవర్గంలోనే ఉంది. మగ విమర్శకులు మన రాతల్ని పట్టించుకోలేదని ఆరోపించే హక్కు నాకు ఆ రోజు ఎంత మిగిలిందో ఇప్పటికీ తెలియదు.

సొంతంగా వేసుకున్న పుస్తకమంటే పేరున్న ప్రచురణకర్తలు కాదన్న పుస్తకమేననే చులకన మనలోనూ ఉంది. తెలుగు ప్రచురణ చరిత్ర తెలిస్తే ఇది నిలవదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే అచ్చు వేయించి, తానే మోసుకు తిరిగి అమ్మాడు. ఆయనా, దాశరథీ నిజామాబాదు జైల్లో ఖైదీలుగా ఉన్నారన్నది ఈ జిల్లాలో అందరికీ తెలిసిన కథ. ఇదే నిజామాబాదులో 1937లో ఆంధ్ర మహాసభతో పాటు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగిందన్నది మాత్రం చాలామందికి తెలియదు. రంగనాయకమ్మ పుస్తకాలు ఆమె సొంత స్వీట్‌హోం పబ్లికేషన్స్ నుంచే వస్తూ వచ్చాయి. స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని వెక్కిరిస్తున్న రోజుల్లో, 1993లో, ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది. తర్వాత 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు'నూ, 2006లో జూపాక సుభద్రతో కలిసి 'నల్లరేగటి సాల్లు'నూ తెచ్చినప్పుడు, మన స్త్రీవాద సంకలనాల్లో ఎవరు లేరో మనకే చూపించారు. పెద్ద సంస్థలు పిలిచి అడిగేదాకా ఆగి ఉంటే వీటిలో ఎన్ని వచ్చి ఉండేవి?

అయితే ఆ పేర్లున్నవాళ్ళకు ఒక బృందమో, ఒక ఉద్యమమో వెనక ఉంది. నిజామాబాదులో డీటీపీ చేయించుకుని, హైదరాబాదులో మూడువందల కాపీలు కొట్టించుకునే అంగన్‌వాడీ టీచరుకు ఏముంది? పుస్తె గొలుసు కుదువ పెట్టి పుస్తకం వేసుకున్నావిడ ఒకరు మాకు తెలుసు. ఆవిష్కరణ సభలో వేదిక మీద ఏడుగురు మగవాళ్ళు, ఆమె ఎనిమిదో కుర్చీలో. ముందుమాటలు మూడు, మూడూ 'చెల్లెమ్మ' అనే మొదలవుతాయి! శాలువా కప్పడం, ఫోటో, భోజనాలు అయ్యాక వందో నూటయాభయ్యో ఉచితంగా పోతాయి. దుకాణం వాడు కమీషన్ అడుగుతాడు, డబ్బు ఎప్పుడిస్తాడో చెప్పడు. మిగిలినవి అటక మీదికెక్కుతాయి. ఇంట్లో గొడవైనప్పుడల్లా ఆ కట్టల ప్రస్తావన వస్తుంది. అంత ఖర్చుకీ, అన్ని మాటలకీ ఓర్చుకున్న మనిషికి మనం ఇవ్వగలిగింది చదివి రాసిన రెండు పేజీలు.

ఈసారి ఆ పని నందిపేటలో మొదలుపెట్టాం. జిల్లా నలుమూలల నుంచి వచ్చిన పదకొండు పుస్తకాలు తీసుకుని, మహిళా సంఘం భవనంలో చాప పరిచి కూర్చున్నాం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బీడీలు చేసేవాళ్ళు. ఒడిలో చాట పెట్టుకుని చేతులు ఆడిస్తూనే విన్నారు. సిగ్గుతో చెబుతున్నా, సమాజశాస్త్రంలో నా పరిశోధన కోసం ఇలాంటి స్త్రీలనే ఎందరినో ప్రశ్నించాను. నా ప్రశ్నావళిలో ఆదాయం, అప్పు, కాన్పులు, రోగాలు అన్నింటికీ గడులున్నాయి. ఏం చదువుతావు, ఏం రాస్తావు, నీకు నచ్చిన పాటేది అన్న గడి ఒక్కటీ లేదు.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన కవిత చదివింది. తల్లి బీడీ కార్మికురాలు. ఎండిన ఆకులాంటి అమ్మ వేళ్ళు ఎండిన ఆకును చుడుతున్నాయని కవితలో ఉంది. మాకందరికీ బాగానే అనిపించింది. వెనక నుంచి ఒక పెద్దావిడ అందుకుంది. "ఎండిన ఆకు చుడితె పలుగుతది బిడ్డా. తడిపి పెట్టి, మెత్తగైనంక కత్తెరతోని కోస్తం. మీయమ్మ చేసేది సూడలేదా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "పనికిరావని పక్కకు తీసేసే బీడీల లెక్క యాడ రాసినవ్? వెయ్యికి కూలి అంటరు. వెయ్యి చేసినంక వాడు తీసేస్తడు గద, మళ్ళ మనమే నింపాలె. అది రాయి." ఆ అమ్మాయి పెన్ను తీసి అక్కడే రాసుకుంది. వేలమంది స్త్రీలు దశాబ్దాలుగా మోస్తున్న దోపిడీని నేను ఇరవై పేజీల అధ్యాయంలో చెప్పాను. ఆమె నాలుగు మాటల్లో, పైగా ఒక కవితలోని లోపంగా చెప్పింది. ఆ సమీక్షను వాళ్ళ మాటల్లోనే లోపలి పేజీల్లో వేశాం.

శ్రీరాంసాగర్‌కు 1963లో శంకుస్థాపన జరిగిన తర్వాత నీళ్ళలో కలిసిన ఊరి గురించి ఒక రిటైర్డు టీచరు రాసిన జ్ఞాపకాల పుస్తకం వచ్చినప్పుడు వాతావరణం మారింది. ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు. పరిహారం మగవాళ్ళ చేతికొచ్చిందనీ, ఆడవాళ్ళు మొక్కే చెట్టుకీ, కూడుకునే బావికీ లెక్క కట్టలేదనీ ఆమె రాసింది. అయితే వాడకట్టులన్నిటినీ ఒకే కుటుంబంలా చూపించింది. బావి దగ్గర ఎవరు ఎక్కడ నిలబడేవాళ్ళో దళిత స్త్రీలు అక్కడే అడిగారు. రచయిత్రికి కోపం వచ్చింది. ఆ మాటలన్నీ సమీక్షలో ఉన్నాయి.

నచ్చని పుస్తకాలు కూడా ఉన్నాయి. మంగళహారతుల సేకరణ ఒకటి మనకెందుకని సంపాదకవర్గంలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. నాయనమ్మ గొంతులోంచి పాటలు రాసి పెట్టిన శ్రమ నిజమైనది. ఎవరు పాడవచ్చు, ఎవరు పాడకూడదు అన్నది ఆమె అడగకపోవడమూ నిజమే. రెండూ రాశాం. గర్భసంచి ఆపరేషన్ల మీద ఒక రిటైర్డు నర్సు వేసిన చిన్న పుస్తకం విషయంలో మరీ జాగ్రత్త పడ్డాం. సంతకం పెట్టే ముందు డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఆమె రాసినంత తేటగా నేనెక్కడా చదవలేదు. కానీ చివర్లో ఆధారం లేని పసరు వైద్యమొకటి చేర్చింది. స్త్రీ రాసిందని, మంచి ఉద్దేశమని ఊరుకుంటే ఆ పేజీ చూసి మందు తాగేది మరో స్త్రీ. 1970లో బోస్టన్ స్త్రీలు చవక కాగితం మీద వేసుకున్న చిన్న పుస్తకమే తర్వాత 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' అయింది. మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకుంటూ వచ్చారు గనకే అది నిలిచింది.

గ్రంథాలయాల మాట ఒకటి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయానికి ఆ ఊరి స్త్రీ రాసిన పుస్తకం కొనమని అడగడం దయ కోరడం కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఎలా రాయాలో నమూనా చివరి పేజీలో ఇచ్చాం. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దానికి డబ్బు తీసుకునే దళారులను నమ్మకండి.

బోధన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఇంటి అటక మీద కట్టలు అలాగే ఉన్నాయి. కథలన్నీ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ తిరుగుతాయి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక అప్పటిదాకా గుట్టుగా ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళు కూలికి బయల్దేరడం, చెరుకు రైతు భార్య అప్పు పత్రాల మీద వేలిముద్ర వేయడం ఉన్నాయి. మూడో కథ నాకు బాగా నచ్చింది. ఏడో కథ సాగింది, చివర్లో ఉపన్యాసమైంది. ఏడేళ్ళు ఆలస్యంగా అదే చెప్పాను. ఏడో కథ తన అక్క కథ అనీ, దాంట్లో ఒక్క మాట తీయననీ అంది. రెండో పుస్తకం రాస్తున్నారా అని అడిగితే జవాబు చెప్పకుండా చాయ్ పెట్టడానికి లేచింది.

సమీక్షా, దానికి ఆమె ఇచ్చిన జవాబూ పక్కపక్కనే వేశాం.