తారు ఉన్నంత మేరే అద్దె కారు

అద్దె కారు తాళం చేతికొచ్చే ముందు పెట్టే సంతకాల పైన ఏం రాసి ఉందో చదివేవాళ్లు తక్కువ. ఆస్ట్రేలియా ఎడారి ఊళ్లకు బయల్దేరేవాళ్లు మాత్రం చూడదగ్గ ప్రదేశాల జాబితా కంటే ముందు ఆ కాగితమే చదవాలి. మామూలు కారును మట్టి రోడ్డు ఎక్కించకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. పొద్దుగూకాక ఊరి పొలిమేర దాటి ప్రమాదం తెచ్చుకుంటే ఖర్చంతా మీదేనన్నవీ ఉన్నాయి. కారు పైకప్పుకో అడుగుభాగానికో తగిలిన దెబ్బకు బీమా వర్తించకపోవడం అక్కడ మామూలే. చూడగానే ఇవన్నీ డబ్బు గుంజే ఎత్తుగడల్లా అనిపిస్తాయి. నిజానికి ఒక్కో షరతు వెనుకా ఆ ఎడారి గురించి తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీనే తీసుకోండి. ఓపల్ రాళ్లు తవ్వే ఊరు. అడిలైడ్ నుంచి ఉత్తరంగా స్టువర్ట్ హైవే మీద దాదాపు 850 కిలోమీటర్లు. 1987 నాటికి ఆ హైవే అంతటా తారు పడింది. మనలాగే వాళ్లూ ఎడమవైపునే నడుపుతారు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సుతోనే పర్యాటకులు అక్కడ కారు నడపొచ్చు. అడిలైడ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇది ఊరించే ప్రయాణమే.

రోడ్డు నున్నగా, తిన్నగా ఉందని ఏమరిస్తేనే అసలు చిక్కు. గ్లెండాంబో దాటాక కూబర్ పీడీ దాకా సుమారు 250 కిలోమీటర్లు పెట్రోలు బంకు తగలదు. దారిలో చాలా మేర ఫోను పలకదు. ఆ దారిన పోయే రోడ్ ట్రెయిన్లనే లారీలు మూడేసి ట్రైలర్లతో 53 మీటర్ల దాకా పొడవుంటాయి. వాటిని దాటడానికి విజయవాడ హైవే మీద లారీని దాటిన లెక్క పనికిరాదు. సందె చీకట్లో కంగారూలు రోడ్డు మీదికొస్తాయి, రాత్రి ప్రయాణం మీద ఆంక్ష అందుకే. ఆ హైవే మీద అక్కడక్కడా వెడల్పుగా తెల్లటి గీతలు గీసి ఉంటాయి. మారుమూల రోగుల కోసం వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానం దిగడానికి రోడ్డునే రన్‌వేగా వాడుకునే చోట్లవి. ఆసుపత్రి ఎంత దూరమో ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

1915 ఫిబ్రవరిలో బంగారం వెతుక్కుంటూ వచ్చిన చిన్న బృందంలోని విల్లీ హచిసన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇక్కడ ఓపల్ ముక్కలు కనిపించాయి. ఊరు పుట్టింది అలా. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు కందకాల్లో బతికిన అనుభవంతో నేలలోపలే ఇళ్లు తొలుచుకున్నారని చెబుతారు. వేసవిలో బయట 45 డిగ్రీలు దాటిన రోజున కూడా ఆ ఇళ్లలో 25కు అటూ ఇటూగానే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్రీకులు, సెర్బులు, క్రొయేట్లు, ఇటాలియన్లు అదృష్టం పరీక్షించుకోవడానికి వచ్చి స్థిరపడ్డారు. సెర్బుల చర్చి, హోటళ్లు, పాత గనిని మార్చిన మ్యూజియం అన్నీ భూమిలోపలే ఉన్నాయి. ఊళ్లో ఉన్న వీటికి అద్దె కారు చాలు.

మనకు గని అంటే సింగరేణి గుర్తొస్తుంది. గేటు, సైరన్, షిఫ్టు, వేల మందికి ఒకే యజమాని. కూబర్ పీడీ దారి వేరు. అక్కడి చట్టం మనిషికి చిన్న ముక్కే ఇస్తుంది. సాధారణంగా 50 మీటర్ల చదరం, కాకుంటే దానికి రెట్టింపు. పెద్ద కంపెనీ వచ్చి మొత్తం చుట్టబెట్టే వీల్లేదు కాబట్టి ఎవరి గొయ్యి వాళ్లదే, ఎవరి పందెం వాళ్లదే. వందేళ్లకు పైగా అలా తవ్వి వదిలేసిన గోతులు ఊరి చుట్టూ రెండున్నర లక్షల పైచిలుకని ఒక అంచనా. పక్కనే చీమల పుట్టల్లా తెల్లమట్టి కుప్పలు. పరుగెత్తొద్దు, వెనక్కి నడవొద్దు అని అక్కడి బోర్డులు బొమ్మలు వేసి మరీ హెచ్చరిస్తాయి. ఫొటోలో అందరూ పట్టాలని ఒక్కో అడుగూ వెనక్కి వేసే మన అలవాటుకు ఇంతకంటే సూటిగా చెప్పలేరు.

ఊరి బయటి అందాలన్నీ మట్టి దారిలోనే ఉన్నాయి. ముప్పై కిలోమీటర్ల చేరువలో కాంకు-బ్రేక్‌అవేస్ గుట్టలు, ఒకప్పుడు సముద్రం కింద ఉన్న నేల. ఆ పక్కనే చెట్టూచేమా లేని మూన్ ప్లెయిన్. అడవి కుక్కలైన డింగోల నుంచి గొర్రెలను కాపాడేందుకు కట్టిన 5,600 కిలోమీటర్ల కంచె అక్కడి నుంచే సాగిపోతుంది. ఇన్నీ చుట్టి రావడానికి 70 కిలోమీటర్లు. ఒప్పందం వద్దన్నా ‘ఎవరు చూడొచ్చారు, మెల్లగా పోనిద్దాం’ అన్న మాట కార్లో ఎవరో ఒకరు అననే అంటారు. వాన పడితే మాత్రం అదే దారి బురదవుతుంది, మూసేస్తారు కూడా.

అక్కడ స్టీరింగు వదిలేయమంటాను. ఊళ్లోవాళ్లు నడిపే జీపులో సీటు కొనుక్కోండి. గోతులు ఎక్కడున్నాయో, వాన తర్వాత ఏ దారి ఎప్పటికి ఆరుతుందో వాళ్లకు తెలుసు. ఓపల్ దిగుబడి తగ్గాక ఆ ఊరు చాలావరకు చూడవచ్చేవాళ్ల మీదే బతుకుతోంది. కారు అద్దె నగరంలోని కంపెనీకి పోతుంది, జీపు టిక్కెట్టు ఊళ్లోనే ఉంటుంది. ఉడ్నడట్టా అనే ఎడారి ఊరికి ఉత్తరాలు మోసే టపా బండిలో యాత్రికులను ఎక్కించుకునే ఆనవాయితీ ఏళ్ల తరబడి నడిచింది అక్కడే. వందల కిలోమీటర్ల మట్టి దారిలో ఒక్కో పశువుల పెంపక క్షేత్రం దగ్గరా ఆగుతూ వెళ్లే ఆ బండి చూపినంత ఎడారిని ఏ అద్దె కారూ చూపలేదు.

ఇంకో సంగతి. ఆ నేల ఖాళీ నేల కాదు. ఆదివాసులైన అంటకిరింజ మటు-యంకునిట్జట్జర ప్రజలకు దాని మీద ఉన్న హక్కును 2011లో ఆస్ట్రేలియా కోర్టు గుర్తించింది. గుట్టల్లోకి వెళ్లడానికి పర్మిట్ ఉండాలి. దాన్ని టోల్ గేటు రసీదులా కాక, ఇంటివాళ్లను అడిగి లోపలికెళ్లడంగా చూడాలి.

సొంతంగా కారు నడుపుకుంటూ పోతే ఆగాలనుకున్నచోట ఆగొచ్చని, ఖర్చూ తగ్గుతుందని వాదించేవాళ్లుంటారు. హైవే మీద ఆ మాట నిజమే. మట్టి దారిలో టైరు చీలితే టోయింగ్ బండి వందల కిలోమీటర్ల నుంచి రావాల్సి ఉంటుంది. బీమా లేని ఆ ఒక్క బిల్లుతో ఇంటిల్లిపాదికీ జీపు టిక్కెట్లు ఎన్నిసార్లయినా కొనొచ్చు. కాబట్టి ఖర్చులు లెక్క వేసుకునేటప్పుడే కారు అద్దె పక్కన జీపు టిక్కెట్టూ రాసుకోండి. ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక రోజు మీరు నడపండి, రెండో రోజు ఆ ఊరివాళ్లను నడపనివ్వండి.