ఖల్బ్: ఛాతీలోని అమానత్

అరబీ భాషలో హృదయాన్ని ‘ఖల్బ్’ అంటారు. తిరగడం, మారడం అనే అర్థాలు గల ధాతువు నుండి పుట్టిన పదమది. ఒక్క స్థితిలో నిలవని మనసుకు ఆ పేరు తగినదేనని మన పెద్దలు వివరించేవారు. ఆ మనసుకు నెలవుగా చెప్పుకునే అవయవం సైతం క్షణమైనా విశ్రమించదు.

హృదయ శుద్ధిని గురించిన ప్రసిద్ధ హదీసును మా వద్ద చదివే పిల్లలు చిన్న వయసులోనే కంఠస్థం చేస్తారు. అందులో దైవప్రవక్త (సల్లం) హృదయాన్ని ‘ముద్గహ్’ అన్నారు. నమలదగినంత మాంసపు ముద్ద అని దాని అర్థం. ఆ హదీసు బోధించేది విశ్వాసాన్నీ, నడవడినీ. అయినా ఆ మాంసపు ముద్ద ఎటువంటిదో తెలుసుకోవడం కూడా సృష్టికర్త పనితనాన్ని గుర్తించడమే.

రెండు ఊపిరితిత్తుల నడుమ, కాస్త ఎడమకు ఒరిగి, ఎవరి పిడికిలంత వారి గుండె ఉంటుంది. పెద్దలలో దాని బరువు సుమారు 250 నుండి 350 గ్రాములు. లోపల నాలుగు గదులు: పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు. దేహమంతా తిరిగి వచ్చిన రక్తం కుడి కర్ణికను చేరి, కుడి జఠరికలోకి దిగి, ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ప్రాణవాయువును గ్రహించి ఎడమ భాగానికి వస్తుంది. ఎడమ జఠరిక దానిని శరీరమంతటికీ పంపాలి గనుక, దాని గోడ కుడిదానికన్నా ఎంతో మందం. నాలుగు కవాటాలు రక్తాన్ని వెనుకకు మరలనివ్వవు. వైద్యులు చెవికి గొట్టం పెట్టుకొని వినేది ఆ తలుపులు మూసుకునే చప్పుడే. రోజుకు సుమారు లక్ష సార్లు ఈ పని జరుగుతుంది.

కుడి నుండి ఎడమకు రక్తం ఎలా చేరుతుందన్నది వేయేళ్లకు పైగా తేలని విషయం. రెండు జఠరికల నడుమ గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయని గ్రీకు వైద్యుడు జాలీనూస్ చెప్పగా, లోకం నమ్మింది. 13వ శతాబ్దంలో డమాస్కస్‌లో వైద్యం నేర్చి కైరోలో స్థిరపడిన ఇబ్నె నఫీస్ దీనిని కాదన్నారు. ఆ గోడ దట్టమైనదనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమకు చేరాలనీ ఇబ్నె సీనా ‘ఖానూన్’కు రాసిన వ్యాఖ్యానంలో స్పష్టం చేశారు. ఆయన వైద్యులే కాదు, షాఫయీ ఫిఖ్‌హ్ బోధించిన పండితులు కూడా. పూర్వ గురువుల పట్ల గౌరవం ఆయనను సత్యం చెప్పకుండా ఆపలేదు. 1288లో మరణించే ముందు తన ఇంటినీ, గ్రంథాలనూ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చివేశారు. ఆ వ్యాఖ్యానం ప్రతిని 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో గుర్తించే వరకు ఆధునిక లోకానికి ఈ సంగతి తెలియలేదు.

ఆయన చెప్పిన మరో మాట మన ఇళ్లకు మరీ ముఖ్యం. గుండె తన గదులలో నిండిన రక్తంతో పోషణ పొందదు, తన కండలో వ్యాపించిన నాళాల ద్వారానే పొందుతుంది. బావి నిండా నీరున్నా, కాలువ పూడితే చేను ఎండుతుంది. గుండెను పోషించే ఆ సన్నని ధమనులలో ఒకటి మూసుకుపోతే, ఆ మేరకు కండ చనిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే.

అయితే మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకినా, చెమటలు పట్టినా ‘గ్యాస్’ అని సోడా తాగి పడుకుంటారు. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో తీవ్రమైన నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే కనబడవచ్చు. వంట అయ్యాక చూద్దామని, భర్త వచ్చాక చెబుదామని తల్లులు ఓర్చుకుంటారు. ఆ ఓర్పు ‘సబ్ర్’ కాదు. ప్రాణ రక్షణ షరీఅత్ ప్రధాన లక్ష్యాలలో ఒకటి. ప్రాణాపాయంలో నమాజునైనా మధ్యలో ఆపవచ్చునని, అగత్యమైతే స్త్రీని పురుష వైద్యుడు పరీక్షించవచ్చునని ఫిఖ్‌హ్ పండితులు చెప్పియున్నారు. కనుక వెంటనే 108కు ఫోన్ చేయండి. ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఈ లక్షణాలను ఈ రాత్రే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.

అల్లాహ్ మనకు అప్పగించిన ఈ అమానత్‌ను భద్రంగా కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.