చాకు కొనే ముందు

కిందటి నెల బజారులో నూరు రూపాయలిచ్చి ఒక మడత చాకు కొన్నాను. అద్దంలా మెరుస్తూ ఉంటే మంచి ఉక్కే అనుకున్నాను. నాలుగు రోజులకే దానికి మామిడికాయ తెగలేదు. మా ఆవిడ కాస్త నొక్కి కోయబోతే చాకు జారి బొటనవేలు తెగింది.

ఒకప్పుడు గనిలో కమ్మరపని చేసిన మా పక్కింటి పెద్దాయన దాన్ని తిప్పి చూసి, “ఏమప్పా, మెరుపు చూసి కొంటివా? పదునున్న చాకు చెప్పినట్లు వింటుంది. మొద్దుదే చెయ్యి కోస్తుంది” అన్నారు. ఆయన చాకు నల్లగా, మచ్చలు పడి ఉంది. కాగితాన్ని మాత్రం చప్పుడు లేకుండా కోసింది.

ఆయన చెప్పిన పరీక్షలు మూడు.

మొదటిది అయస్కాంతం. గిన్నెలు చేసే మంచి స్టెయిన్‌లెస్ స్టీలులో నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. దానికి అయస్కాంతం సరిగా అంటుకోదు. కాల్చి నీళ్ళలో ముంచినా అది గట్టిపడదు కనుక పదును నిలవదు. అయితే అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు. మెత్తని ఇనుముకూ అంటుకుంటుంది.

అందుచేత రెండవది ఆకురాయి. అంగడివాని నడిగి, పిడి దగ్గర మెల్లగా గీయాలి. జారితే గట్టి ఉక్కు. సులువుగా కొరికి పొడి రాలిస్తే మెత్తన.

మూడవది ఇంట్లో. సాన పట్టి, మందపు అట్టను ఇరవైసార్లు కోసి, తరువాత కాగితం కోయాలి. కాగితం చిరిగితే అంచు మడిగిందన్నమాట.

నల్ల ఉక్కు చాకు నిమ్మకాయ కోస్తే మచ్చపడుతుంది, తడి ఉంటే తుప్పుపడుతుంది. అది నాణ్యం లోపం కాదు. తుడిచి కొబ్బరినూనె రాస్తే చాలు.

ఉక్కు నాణ్యం మనవారికి తెలియనిది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం నుంచి స్వయంగా వచ్చేవారు. వోయ్‌సీ అనే ఆంగ్లేయుడు ఆ పని చూసి వ్రాసినది 1832లో అచ్చయింది.

మన ఊళ్ళో కూడా రాయి మెరిసిందని ఎవరూ బంగారం లెక్క వ్రాయలేదు. పొడిచేసి, కరిగించి, తూచిన తరువాతే వ్రాశారు. గనులు 2001లో మూతపడినవి. ఆ అలవాటు మనతో ఉండవచ్చును.

మా ఆవిడ వేలు మానింది. ఆ చాకును కవర్లు చించడానికి ఉంచుకున్నాను.