పాతరలో జొన్న, మెడలో కాసు

మా తమ్ముడి కొడుకు అమెరికాలో, టెక్సస్‌లో ఉంటాడు. కిందటేడు వీడియో కాల్ చేసినప్పుడు ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చి చూపించాడు. అందులో ఇరవై వెండి నాణేలున్నాయి. ఒక్కోటి ఒక ఔన్సు, అంటే 31 గ్రాములు. అలాంటి గొట్టాలు డజను కొని ఇంట్లో దాచుకున్నాడట.

"ఇన్నెందుకురా?" అన్నాను.

"ఏమో పెదనాన్నా, బ్యాంకులు మూతపడి నోట్లు చిత్తుకాగితాలయ్యే రోజొస్తే బియ్యం వీటితోనే కొనుక్కోవాలి. పెద్ద ఖర్చులకు బంగారం, చిల్లర ఖర్చులకు వెండి."

వాడు బాగా చదువుకున్నవాడు. వాళ్లమ్మకు అక్షయ తృతీయ నాడు గోరంత బంగారమైనా కొనకపోతే మనసు నిలవదు. అది మూఢనమ్మకమని వాడు ఆమెతో వాదిస్తాడు కూడా. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆ పండగకు ఎవరూ బంగారం కొనేవారు కాదు. ఇప్పుడు పొద్దున్నే అంగళ్ల ముందు వరసలు కడుతున్నారు. తల్లి అక్షయమవుతుందంటోంది, కొడుకు ప్రళయంలో పనికొస్తుందంటున్నాడు. ఎవరి చేతుల్లో ఉన్నా, ఏం జరుగుతున్నా విలువ లోహంలోనే కూర్చుని ఉంటుందన్నది ఇద్దరి నమ్మకమూ. దాన్ని పరీక్షించడానికి ఊహలు అక్కర్లేదు. ఆ పరీక్ష మా నేల మీదే ఒకసారి జరిగింది, దానికి లక్షల మంది బలయ్యారు.

1876లో మొదలైన ధాతు కరువు సంగతి నేను చెబుతున్నది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు, మా ప్రాంతమంతా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆనాటి రూపాయి వెండిది. తులం బరువు, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు మేలిమి వెండి. ఎవరైనా సరే వెండి తీసుకుపోయి బొంబాయి టంకశాలలోనో కలకత్తా టంకశాలలోనో ఇస్తే కొద్దిపాటి రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. 1893 దాకా ఆ సదుపాయం ఉండేది. పల్లెల్లో కాగితం నోటు కంటికి కనబడడమే అరుదు. మా వాడు కలగనే లోకం అదే. డబ్బంటే లోహం, లోహమంటే డబ్బు. ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు అచ్చువేసే వీల్లేదు.

ఆ ఏడు నైరుతి, ఈశాన్యం రెండూ మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో గింజల ధర రెండింతలు, మూడింతలు అయింది. అసలు దెబ్బ కూలికి తగిలింది. సేద్యం ఆగిపోతే కూలి ఉండదు, కూలి లేనివాడికి గింజ ఏ ధరకు అమ్మినా ఒకటే. జనం కాళ్ల కడియాలు తీశారు, చేతుల మురుగులు తీశారు. తర్వాత ఇత్తడి బిందెలు, తర్వాత తలుపులు, వాసాలు. ఇంటికప్పు గడ్డి పీకి పశువులకు వేశారు. బొంబాయి టంకశాలకు ఆ కాలంలో నగల వెండి పెద్ద ఎత్తున చేరింది.

టంకశాల బొంబాయిలో ఉంది, కడియం గుత్తి దగ్గరి పల్లెలో ఉంది. ఆ రెంటి మధ్య షరాబు కూర్చున్నాడు. కడియాన్ని గీటురాయి మీద గీస్తాడు, గీత వన్నె చూసి రాగి కలిసిందంటాడు. లోపల లక్క ఉందేమోనని వంచి చూస్తాడు. తరుగు తీస్తాడు. ఇవన్నీ మామూలు రోజుల్లోనూ చేసేవే. కానీ ఆ రోజు అతని గడప ముందున్నది ఒక్క మనిషి కాదు, మూడు ఊళ్ల జనం. అందరి చేతుల్లోనూ అదే వెండి. కొనేవాడు ఒకడు, అమ్మేవాళ్లు వందమంది అయినప్పుడు ధర ఎవరి నోట్లో ఉంటుందో వేరే చెప్పాలా? ఆ ధరకు వదులుకుని, అటు తిరిగి అంగడికి పోతే జొన్నలు మూడింతలు. ఆపద తెచ్చిన చేయే వెండి ధరను కిందికి తోసింది, గింజ ధరను పైకి లేపింది. ఆపదకు అక్కరకొస్తుందని దాచుకున్న వస్తువు ఆపద అందరికీ ఒక్కసారే వస్తే అక్కరకు రాకుండా పోతుంది. ఒక్క ఇంటి కష్టానికీ ఊరంతటి కష్టానికీ ఉన్న ఈ తేడాను మనం పట్టించుకోం.

ఆ కరువులో బ్రిటిష్ పాలన కింది ప్రాంతాల్లో దాదాపు 55 లక్షల మంది చనిపోయారని అంచనా. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. రూపాయి మాత్రం చెక్కుచెదరలేదు.

గింజే లేదా అంటే, ఉంది. మద్రాసు సముద్రపు ఒడ్డున బస్తాలు కొండల్లా పేర్చి ఉండేవి. ఆ రోజుల్లోనే ఈ దేశం నుంచి ఇంగ్లండుకు మూడు లక్షల టన్నుల పైగా గోధుమలు ఓడలెక్కాయి. రైలు వచ్చిన ఊరి దాకా గింజ వచ్చింది. అక్కణ్నుంచి పల్లెకు బండి కట్టాలంటే ఎద్దులు అప్పటికే చచ్చిపోయాయి. ఇక సహాయ పనుల కూలి: రిచర్డ్ టెంపుల్ అనే అధికారి రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి ఒక పౌను గింజ, అంటే 450 గ్రాములు, ఒక అణా చాలని నిర్ణయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ అది సరిపోదన్నాడు, కనీసం పౌనున్నర గింజ, దానికి తోడు పప్పూ కూరా ఉండాలని పోరాడాడు. ఒక మనిషి బతకడమూ చావడమూ ఈ అరపౌను తగువులో తేలింది. అతని పెళ్లాం కాళ్లకు ఎన్ని తులాల వెండి ఉందన్నదానికి ఇందులో చోటే లేదు.

మా జేజికి ఈ కరువు వాళ్ల అవ్వ నోటి నుంచి వచ్చింది. ఆమె దాన్ని కథలా చెప్పేది కాదు. పాతర తెరిచే రోజున మాత్రం ఆ మాటెత్తేది. పాతరంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. ఇంటి ముందో వాకిట్లోనో బావిలా తవ్విన గొయ్యి, చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మన్ను కప్పేవారు. తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. లోపలి గాలికి మనిషి పడిపోతాడు. గంటలకొద్దీ తెరిచి పెట్టి, తాడుకు దీపం కట్టి దించేవారు. దీపం ఆరితే ఇంకా ఆగాలి. నేను అంచున బోర్లా పడుకుని ఆ దీపం కిందికి పోవడం చూసేవాణ్ణి. ముక్కు పగిలే వాసన వచ్చేది. "మా అవ్వ కాళ్లకు కడియాలుండె, చేతులకు మురుగులుండె, పాతరలో మాత్రం జొన్నల్లేకపాయె నాయనా" అనేది జేజి. ఆమె మెడలో కాసుల దండ ఉన్నా, ఇంటి పెద్దరికం అడిగితే పాతర లోతు చెప్పేది.

"బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలి" అన్నారు మన పెద్దలు. లోహపు డబ్బు గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన ఆర్థికవేత్తను నేను చదవలేదు. గోడ అంటే కాపలా ఉన్న బజారు, తూకానికి కట్టుబడే మనిషి, నడిచే బండి, రేపు కూడా అంగడి తెరుస్తారన్న ధైర్యం. అవి నిలిచి ఉన్నంత సేపే పళ్ళెం నిలబడుతుంది.

బంగారం పనికొచ్చిన సందర్భాలు లేవా? ఉన్నాయి, వాటిని దాచడం హేతువాదికి తగదు. 1978, 79 సంవత్సరాల్లో వియత్నాం వదిలిన జనం, ముఖ్యంగా అక్కడి చైనా జాతివాళ్లు, పడవ ఎక్కడానికి బంగారు రేకులిచ్చి బయటపడ్డారు. 2008లో జింబాబ్వే డబ్బు ఎందుకూ కొరగాకుండా పోయినప్పుడు పల్లెల్లో ఇసుక కడిగి, నలుసంత బంగారం తీసి, దాంతో తిండి కొనుక్కున్నారు. రెండు చోట్లా గోడ ఉంది, కాకపోతే పక్క దేశంలో ఉంది. పడవవాడు ఆ బంగారం తీసుకున్నది దాన్ని మార్చుకునే ఊళ్లు సముద్రానికి అవతల మామూలుగా నడుస్తున్నాయి గనక. జింబాబ్వే నలుసులకు విలువ వచ్చింది బయటి దేశాల్లో బంగారం కొనే బజార్లు తెరిచి ఉన్నాయి గనక. ఆ జింబాబ్వేలోనే 2009 నాటికి జనం దేన్ని డబ్బుగా ఎంచుకున్నారు? అమెరికా డాలరు, దక్షిణాఫ్రికా రాండు, రెండూ కాగితాలే. నేలలో బంగారం ఉన్న దేశం బంగారాన్ని పక్కనబెట్టి పరాయివాళ్ల నోటు పట్టుకుంది. యుద్ధంలో కూలిన జర్మనీలో 1948లో కొత్త మార్కు వచ్చే దాకా సిగరెట్లు డబ్బుగా చెలామణి అయ్యాయి. చేతులు మారడానికి, లెక్కపెట్టడానికి, చివరికి కాల్చుకోవడానికి కూడా పనికొచ్చాయి.

మన ప్రభుత్వమే 1991లో దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువ పెట్టింది. అది ఆదుకుందని గర్వంగా చెప్పుకుంటారు. నిజమే, ఆదుకుంది. కూలింది మన ఖజానా ఒక్కటే, లండన్ నిలబడి ఉంది.

మా వాడి చిల్లర లెక్క కూడా చూద్దాం. 2025లో గ్రాము బంగారం పదివేల రూపాయలు దాటింది. అప్పుడు కిలో బియ్యం యాభై, అరవై. అంటే కిలో బియ్యానికి ఐదారు మిల్లీగ్రాముల బంగారం ఇవ్వాలి. ఒక బియ్యపు గింజే పదిహేను, ఇరవై మిల్లీగ్రాములు తూగుతుంది. గింజలో మూడోవంతు బరువున్న బంగారాన్ని ఎవరు కోస్తారు, ఏ తక్కెడలో తూస్తారు, గాలికి ఎగిరితే ఎక్కడ వెతుకుతారు? వెండి నాణెమైతే, ఒక్కోదానికి పదుల కిలోల బియ్యం రావాలి. ఐదు కిలోలు చాలన్నవాడికి మిగతా చిల్లర ఏ రూపంలో ఇస్తారు? అది అసలు వెండో కాదో చెప్పే యంత్రానికి కరెంటు కావాలి, కరెంటు లేని రోజు గురించే కదా మనం మాట్లాడుతున్నది. ఆ ఇంట్లో గొట్టాల కొద్దీ నాణేలున్నాయని పక్కింటికి తెలిసిన రాత్రి ఆ పిల్లాడు ఎలా నిద్రపోతాడన్నదే నా బెంగ.

మా మరదలి కాసులపేరు సంగతి ఇంకా విచిత్రం. అది బ్యాంకు లాకర్లో ఉంది. బ్యాంకు మూతబడే రోజుకని దాచిన వస్తువు, మూతబడ్డ బ్యాంకులోనే ఉంటుంది. లాకర్లో లేకపోతే తాకట్టులో ఉంటుంది. దేశం నిలబడి ఉన్నప్పుడైనా బంగారం మన చేతిలో ఉంటుందన్న పూచీ లేదు. అమెరికాలో 1933 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రజల దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున అప్పగించమని ఆజ్ఞ జారీ చేసింది. మరుసటి ఏడు ఆ ధరను 35 డాలర్లకు పెంచుకుంది. మళ్లీ అక్కడి పౌరులు స్వేచ్ఛగా బంగారం ఉంచుకోవడానికి 1974 చివరి దాకా ఆగాల్సి వచ్చింది. మా వాడుండేది ఆ దేశంలోనే.

బంగారం కొనడం తప్పని నేను అనను. ఆడపిల్ల పేరున నాలుగు కాసులుంటే, భర్త ఆసుపత్రి పాలైన రాత్రి ఆమె ఒకరి కాళ్లు పట్టుకోనక్కర్లేదు. వడ్డీ వ్యాపారి కన్నా బంగారం మీద అప్పు నయం. కానీ ఈ మేలంతా బ్యాంకు, కోర్టు, రోడ్డు, కరెంటు అన్నీ ఉన్న మామూలు రోజుల మేలు. దాన్ని తీసుకుపోయి ప్రళయానికి అంటగట్టడం దగ్గరే నా పేచీ. భయపడ్డ మనిషి పట్టుకోవడానికి ఒక వస్తువు వెతుకుతాడు, మెరిసేదైతే ఇంకా ధైర్యంగా ఉంటుంది. ఆ భయం మీద అమ్మకాలు సాగుతున్నాయి. ఊరికి చెరువు పూడిక తీయించాలన్నా, రేషన్ గిడ్డంగి సరిగా నడవాలని నిలదీయాలన్నా నలుగురు కలవాలి. కాసు కొనడానికి ఎవరితోనూ కలవనక్కర్లేదు.

ధాతు కరువు తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, దాని వెంట కరువు నియమావళి వచ్చింది. గింజ ఎప్పుడు ఎక్కడికి పంపాలి, పని ఎప్పుడు కల్పించాలి, కూలి ఎంతివ్వాలి అన్నది కాగితం మీద రాసుకున్నారు. అది చాలాసార్లు సరిగా అమలు కాలేదు, దాన్ని పక్కనబెట్టిన చోట, 1943లో బెంగాల్లో, మళ్లీ లక్షలమంది పోయారు. అయినా ఈనాటి రేషన్ కార్డుకు ముత్తాత ఆ కాగితమేనని నేననుకుంటాను.

2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు మా వీధి చివర నగల అంగడి షట్టరు దించే ఉంది. ఎదురుగా రేషన్ స్టోరు మాత్రం తెరిచారు. కేంద్రం తలకు ఐదు కిలోల బియ్యం ఉచితమంది. మీటరు దూరంలో సున్నంతో గీసిన వలయాల్లో జనం నిలబడ్డారు. నా ముందు వలయంలో ఒక నడివయసు ఆవిడ, మెడలో రెండు పేటల గొలుసు, దాంతో నల్లపూసలు. మూతికి కొంగు అడ్డం కట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడింది. డీలరు తూకం వేసి సంచిలోకి ఒంపుతుంటే గుప్పెడు బియ్యం గచ్చు మీద పడ్డాయి. ఆమె ముందుకు వేలాడుతున్న గొలుసును రవికలోకి దోపుకుని, వంగి, ఒక్కో గింజా ఏరుకుంది.