హాలండులో హోటలు: వంటకన్నా ముందు కాగితం

17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో డచ్చి వర్తకులు మచిలీపట్నం రేవులో దిగారు. ఆనాడు ఆ రేవు గోల్కొండ కుతుబ్ షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. పరాయి నేల మీద వ్యాపారం సాగాలంటే నోటిమాట చాలదని ఆ వర్తకులకు తెలుసు. అందుకే సుల్తాను నుండి ఫర్మానా పొంది, దాని అండతో కొఠీ నెలకొల్పుకున్నారు.

నేడు ప్రయాణం ఎదురు దిశలో సాగుతోంది. మన తెలుగు ముస్లిం కుటుంబాల బిడ్డలు ఆమ్‌స్టర్‌డామ్‌లో, ద హేగ్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉద్యోగంతోపాటు ఒక చిన్న బిర్యానీ హోటలు పెట్టుకుంటే బాగుండునన్న ఆలోచన వారిలో కొందరికి కలగడం సహజమే. అటువంటి ఆలోచన కలిగినప్పుడు తొలి ఫోను ఇంటికే వస్తుంది. అబ్బా పొలం అమ్మిన సొమ్ము, అమ్మీ దాచుకున్న బంగారం, బావగారి చేబదులు అన్నీ అటు కదులుతాయి. కనుక అక్కడి నియమాలు వ్యాపారం పెట్టేవారికే కాదు, ఇక్కడ కూర్చుని సొమ్ము ఇచ్చేవారికీ తెలియాలి. ఈ నెల ఆ విషయమే ముచ్చటించదలిచాము.

బాధ్యత ఎవరిది?

హోటల్, రెస్టారెంట్, కెఫే అనే మూడు మాటల తొలి అక్షరాలను కూర్చి డచ్చివారు ఈ వ్యాపారాన్నంతటినీ 'హోరెకా' అని పిలుస్తారు. మన ఊళ్లలో హోటలంటే భోజనశాల. అక్కడ హోటలంటే బస చేసే చోటు మాత్రమే. కాగితాల మీద ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏ వ్యాపారమైనా 'కామర్ ఫన్ కోప్‌హాండెల్' అనే వాణిజ్య మండలి రిజిస్టరులో నమోదు కావాలి. అక్కడ తేల్చుకోవలసిన మొదటి విషయం వ్యాపార స్వరూపం. ఒక్కరే యజమానిగా ఉండేది 'ఏన్‌మాన్స్‌జాక్'. ఇందులో వ్యాపారానికీ యజమానికీ చట్టం దృష్టిలో భేదం లేదు. హోటలు అప్పు తీరకపోతే అతని సొంత ఆస్తి నుండి కూడా రాబట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే భాగస్వామ్యం 'వీ.ఓ.ఎఫ్.' మూడవది 'బీ.వీ.' అనే పరిమిత బాధ్యత గల కంపెనీ. 2012 నుండి దీనికి పెద్ద మూలధనం అవసరం లేదు గాని, నోటరీ వద్ద పత్రం తప్పనిసరి. పైగా ఇల్లు అద్దెకిచ్చేవారు, అప్పిచ్చేవారు యజమాని నుండి వ్యక్తిగత హామీ కోరితే, 'పరిమిత బాధ్యత' అన్న రక్షణ ఆ మేరకు తగ్గిపోతుంది.

మన కుటుంబాలు ఎక్కువగా చిక్కుకునేది రెండవ రూపంలో. ఇద్దరు అన్నదమ్ములు వీ.ఓ.ఎఫ్. పెట్టారనుకుందాం. దానికి నోటరీ పత్రం తప్పనిసరి కాదు. "భాయీ, మన మధ్య కాగితమేమిటి?" అని పెద్దవాడు నవ్వేస్తాడు. చిన్నవాడు మర్యాదకు ఊరుకుంటాడు. కాని చట్టం ప్రకారం భాగస్వాములలో ప్రతి ఒక్కరూ సంస్థ అప్పు మొత్తానికీ బాధ్యులే. సగం పెట్టాను కనుక సగమే తీరుస్తాననే వీలు లేదు. పెద్దవాడు తెచ్చిన సరుకు బాకీకి చిన్నవాడి బ్యాంకు ఖాతా మీదికి రావచ్చు. అప్పుడు ఎవరు ఎంత పెట్టారు, లాభంలో ఎవరి వాటా ఎంత, ఎవరి సంతకంతో ఎంతవరకు అప్పు తేవచ్చు, ఒకరు తప్పుకుంటే ఏమి జరగాలి అనే ప్రశ్నలకు జవాబు ఇద్దరి జ్ఞాపకాలలో రెండు రకాలుగా ఉంటుంది. పోయేది హోటలొక్కటే కాదు, ఈద్ నాడు ఒకరి గుమ్మం ఒకరు తొక్కే సంబంధం కూడా.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన వాక్యం బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు పత్రం గురించి. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునే రుణాన్ని వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులుండాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి బద్ధకించరాదని అక్కడ అల్లాహ్ ఆదేశించాడు. పరాయివాడితోనైతే వ్రాయండి, సోదరునితోనైతే వద్దు అన్న మినహాయింపు అందులో లేదు. కాగితం అడగడం అనుమానానికి గుర్తని మనం అనుకుంటున్నాం. ధర్మం దానిని సందేహాలకు తావివ్వని మార్గమంటోంది.

సొమ్ము ఎక్కడిది?

వాణిజ్య మండలి తరువాత వెళ్లవలసింది 'ఖెమేంటె' అనే పురపాలక సంస్థ దగ్గరికి. ఆ స్థలంలో భోజనశాల నడపవచ్చునా అన్నది పట్టణపు స్థల వినియోగ ప్రణాళికలో చూడాలి. 2024 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టం కింద దీనిని 'ఒమ్‌ఖేఫింగ్స్‌ప్లాన్' అంటున్నారు. అనేక పట్టణాలలో వ్యాపారం నడిపేందుకు వేరే అనుమతి పత్రం కూడా కావాలి. బయట కుర్చీలు వేయాలంటే మరొకటి. ఒక ఊరి నియమం మరొక ఊరిలో ఉండకపోవచ్చు కనుక, స్నేహితుని అనుభవాన్ని నమ్ముకోక, ఆ ఊరి ఖెమేంటెనే అడగాలి.

ఈ దశలోనే 'బిబోబ్' చట్టం ఎదురవుతుంది. అనుమతి పత్రాల చాటున అక్రమ ధనం చలామణి కాకుండా చూడటం దీని ఉద్దేశం. దరఖాస్తుదారు వెనుక ఎవరున్నారు, పెట్టుబడి ఎక్కడి నుండి వచ్చింది అని ఖెమేంటె విచారించవచ్చు. తీవ్రమైన అనుమానానికి ఆధారం కనిపిస్తే అనుమతి నిరాకరించవచ్చు, ఇచ్చినదాన్ని రద్దు చేయవచ్చు. "మా మామయ్య ఇచ్చాడు" అంటే చాలదు. మామయ్య ఎంత ఇచ్చాడు, ఏ ఖాతా నుండి, కానుకగానా, అప్పుగానా అన్నది పత్రం మీద కనిపించాలి.

హుండీ ద్వారా పంపిన సొమ్ము ఇక్కడే దారి మూసేస్తుంది. అది నిజంగా తండ్రి చెమటోడ్చి సంపాదించినదే కావచ్చు. కాని దానిని నిరూపించే కాగితం ఉండదు. భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారా విదేశానికి పంపేందుకు రిజర్వు బ్యాంకు పథకం ఉంది. ఆ దారి ఉండగా అడ్డదారి తొక్కి, హలాల్ సంపాదనను మన చేతులతోనే అనుమానాస్పదం చేసుకోవడం ఎందుకు? వడ్డీలేని ఖర్జె హసనా ఇచ్చేవారు కూడా మొత్తం, తేదీ, తీర్చే గడువు వ్రాసి ఇరువురూ సంతకాలు చేయాలి. మంచి మనసుతో ఇచ్చిన రుణమైనా అది రుణమే.

ఇంటి ఆడవారి బంగారం విషయంలో ఒక మాట. భార్య మహర్, ఆమె నగలు ఆమె సొత్తు. వాటిని వ్యాపారంలో పెట్టాలంటే ఆమె ఇష్టపూర్వకమైన అంగీకారం ఉండాలి. అప్పుగా ఇస్తోందా, వాటాగా ఇస్తోందా అన్నది ఆమె పేరుతోనే వ్రాయాలి. అవునని తల ఊపినంత మాత్రాన ఆమె హక్కు కరిగిపోదు.

మద్యం లేకుండా

"అక్కడ మద్యం లేకుండా హోటలు నడుస్తుందా?" అని అడిగేవారున్నారు. చట్టం తరపున ఏ నిర్బంధమూ లేదు. 2021 జూలై 1 నుండి అమలులో ఉన్న 'ఆల్కహోల్‌వెట్' ప్రకారం మద్యం వడ్డించేవారికే ఆ లైసెన్సు అవసరం. నిర్వాహకునికి 21 ఏళ్ల వయసు, 'సోషాలె హిఖియేనె' అనే అర్హతాపత్రం వంటి షరతులు దాని వెంట వస్తాయి. మద్యం వడ్డించని భోజనశాలకు ఈ లైసెన్సుతో పనే లేదు. తాగేవానితోపాటు అమ్మేవానిని, మోసేవానిని, దాని వెల తినేవానిని కూడా దైవప్రవక్త (స) శపించారని హదీసులో ఉంది. ధర్మం వద్దన్నదాన్ని మానుకున్నవారికి అక్కడ ఒక లైసెన్సు భారం కూడా తగ్గుతుంది.

అయితే అద్దె ఒప్పందంలో ఒక చిక్కు దాగి ఉండవచ్చు. ఆ దేశంలో కొన్ని హోరెకా స్థలాలు బీరు తయారీ సంస్థల చేతిలో ఉంటాయి. ఫలానా బీరును తమ వద్దే కొనాలనే షరతు అద్దెపత్రంలోనే కలిపి ఉంటుంది. డచ్చి భాష రాకుండా సంతకం చేసినవాడు తనకు తెలియకుండానే హరామ్ సరుకు కొనడానికి కట్టుబడతాడు. భోజనశాలల అద్దె సాధారణంగా ఐదేళ్లు, ఆపై మరో ఐదేళ్లుగా సాగుతుంది. అంతకాలపు బంధాన్ని వేసుకునే ముందు అనువాదకుని చేత ప్రతి వాక్యమూ చదివించుకోవాలి.

వంటగది

ఆహార భద్రతను పర్యవేక్షించే సంస్థ ఎన్.వి.డబ్ల్యు.ఏ. ఏ దశలో ఏ ప్రమాదం ఉందో గుర్తించి, దానిని అదుపు చేసే పద్ధతిని వ్రాసిపెట్టుకుని పాటించాలి. చల్లగా ఉంచవలసినవి 7 డిగ్రీలు మించరాదు, వేడిగా ఉంచేవి 60 డిగ్రీలకు తగ్గరాదు. ఉదయం దింపిన బిర్యానీ డేగిశాను రాత్రివరకు అలాగే ఉంచే అలవాటు అక్కడ చెల్లదు.

అలర్జీ కలిగించే 14 పదార్థాల సమాచారం కొనేవారికి అందుబాటులో ఉండాలి. మన వంటలు వాటితో నిండి ఉంటాయి. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, హలీమ్‌లో గోధుమ, ఖుర్మాలో జీడిపప్పు, పెరుగు. తెలియక తిన్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. ఖుర్ఆన్ హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అని కూడా అంటుంది. జబీహా మాంసం తెచ్చి, అశుభ్రమైన పాత్రలో వండితే ఆ రెండవ మాటను వదిలేసినట్లే. హలాల్ ముద్రకు అక్కడ ప్రభుత్వ ధ్రువీకరణ లేదు, ప్రైవేటు సంస్థలే ఇస్తాయి. కనుక సరఫరాదారుని ప్రశ్నించి తెలుసుకునే పూచీ యజమానిదే.

భోజనం మీద, మద్యం కాని పానీయాల మీద 9 శాతం పన్ను ఉంటుంది. దీనిని 'బీ.టీ.డబ్ల్యు.' అంటారు. సాధారణంగా మూడు నెలలకొకసారి లెక్క అప్పజెప్పాలి. కొనేవారి నుండి వసూలు చేసిన ఆ సొమ్ము గల్లాపెట్టెలో ఉన్నా మనది కాదు, అమానతు. దానితో జీతాలిచ్చి, గడువునాటికి చేతులు చాచడం అమానతులో ఖయానతే.

వెళ్లేవారికి, పంపేవారికి

ఉద్యోగం కోసం ఇచ్చిన నివాస అనుమతితో వ్యాపారం చేయవచ్చునా అన్నది అక్కడి వలస శాఖ ఐ.ఎన్.డి. వద్ద ముందే తేల్చుకోవాలి. ఇక్కడి నుండి వంటవారిని రప్పించడమూ సులభం కాదు. ఆసియా వంటశాలల కోసం ఉండిన ప్రత్యేక ఏర్పాటు 2022 ఆరంభంతో ముగిసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి డబ్బు అడిగే దళారిని నమ్మవద్దు.

సొమ్ము పంపే తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. బ్యాంకుకు వెళ్లే ముందు ఒక సాయంత్రం బిడ్డలందరినీ, కోడళ్లనూ ఫోనులోనైనా కూర్చోబెట్టండి. ఎవరిది ఎంత, అప్పా వాటానా, నష్టం వస్తే ఎవరు ఎంత భరిస్తారు అన్నవి వ్రాయించి, చదివించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. తరువాతే దుఆ చేసి పంపండి. అల్లాహ్ మన బిడ్డల ఉపాధిలో బర్కతును, మన కుటుంబాలలో ప్రేమను నిలిపి ఉంచుగాక. ఆమీన్.