పిడికెడు బియ్యం

పెర్త్ శివార్లలో ఉన్న మా హారిస్‌డేల్‌లో నేను వెళ్ళే చర్చిలో, విదేశాల్లో సువార్త పని చేసేవాళ్ళ కోసం కానుక పడతారు. ఇవ్వడం మంచిదే, నేనూ వేస్తాను. నా పేచీ గోడ మీది ఫోటోలతో. తెల్లవాళ్ళ కింద పేర్లుంటాయి. పక్కన నిలబడ్డ మనవాళ్ళ కింద "స్థానిక సహాయకులు" అని ఉంటుంది, అంతే. మరి ఎండలో ఊరూరా తిరిగేదెవరండీ?

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో అజరయ్య గారు అడిగిందీ ఇదే: మీ త్యాగాలు సరే, మమ్మల్ని స్నేహితులుగా ఎప్పుడు చూస్తారని. ఆయన తమిళుడు. 1903లో తిరునెల్వేలిలో ఆయన, మిత్రులు పెట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీకి మనుషులూ, డబ్బూ, పెత్తనం అన్నీ మనవే. అది దోర్నకల్ ప్రాంతానికి వచ్చింది. 1912లో ఆయన అక్కడే బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అక్కడి ఆడవాళ్ళు ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి పక్కన పెట్టేవాళ్ళు. వాళ్ళలో చాలామంది కూలికి పోతేనే పొయ్యి వెలిగేవాళ్ళు!

కాబట్టి మావాళ్ళని రెండే అడుగుతున్నాను. ఫోటో కింద పేర్లు రాయండి. డబ్బు ఎటు పోవాలో తేల్చే కమిటీలో వాళ్ళకీ ఓ కుర్చీ వెయ్యండి. "వాళ్ళకి లెక్కలు రావు" అంటారని తెలుసు. పిడికెళ్ళు లెక్కపెట్టి పాస్టర్లని పోషించుకున్నవాళ్ళకా?