వెనక్కి వెళ్ళే కబురు

బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు భూగోళశాస్త్రంతో పనేమిటని మా ఆవిడ నవ్వింది. అయినా ఈ సంచికలో ఒక నైజీరియా భూగోళ పండితుణ్ణి మీకు పరిచయం చెయ్యాలి. పేరు అకిన్ మాబోగుంజె. ఆయన రాసింది చదువుతుంటే మన భివండీ పద్మశాలీల సంగతే రాశాడా అనిపించింది.

1931లో కానోలో పుట్టాడు. కానో హౌసా వాళ్ళ ఊరు, ఈయనది యొరుబా కుటుంబం. అంటే మన పిల్లల్లాగే పరాయి భాష మధ్య పుట్టినవాడు. ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. నైజీరియా పట్టణాల మీద 1968లో పెద్ద పుస్తకం వేశాడు. తెల్లవాళ్ళు రాకముందే యొరుబాలకు పట్టణాలున్నాయన్నాడు. 1980లో అంతర్జాతీయ భూగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ఆఫ్రికా నుంచి ఆయనే మొదటివాడు. 2022లో పోయాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం 1970 నాటి ఆయన వ్యాసం. పల్లె వదిలి పట్నం పోయే మనిషి ఒంటరిగా నిర్ణయం తీసుకోడంటాడు. ఎవరు వెళ్ళాలో, ఎవరు ఇంటిపట్టున ఉండాలో ఇల్లూ ఊరూ కలిసి తేలుస్తాయి. పట్నంలో పనిచ్చేవాడూ గది ఇచ్చేవాడూ రెండో కొస. ఈ రెంటినీ కలిపేది, ముందు వెళ్ళినవాడు వెనక్కి పంపే కబురు. మంచి కబురైతే అదే దారిన మరో పదిమంది బయల్దేరుతారు. చెడు కబురైతే రాక తగ్గుతుంది.

అది చదివి రెండు రాత్రులు నాకు నిద్రపట్టలేదు. 1992లో ఇక్కడికి కొత్తగా బదిలీ అయి వచ్చి, కరీంనగర్ జిల్లాలో మగ్గం నేసే మా మేనత్త కొడుక్కి కార్డు రాశాను. 'బావా, ఇక్కడ సాంచాల మీద పని దొరుకుతది, నెల నెలా డబ్బు చేతికొస్తది' అని. అబద్ధమేమీ లేదు. కానీ పన్నెండు గంటల పని అని రాయలేదు. మీటరు లెక్కన కూలీ అనీ, కరెంటు పోతే ఆ కూలీ కూడా లేదనీ రాయలేదు. ఒకే గదిలో పగటివాళ్ళూ రాత్రివాళ్ళూ వంతులేసుకుని పడుకుంటారనీ రాయలేదు.

బావ వచ్చాడు. ఆయనా ఊరికి అంతా బాగుందనే రాశాడు. పండక్కి కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే, అది చూసి మరో నలుగురు వెంట వచ్చారు. నెలనెలా వాళ్ళ డీడీలు నేనే తీసేవాణ్ణి. బావకు దగ్గు పట్టుకుంది. ఆ సంగతి ఏ ఉత్తరంలోనూ లేదు.

ఇప్పుడు బావ కొడుకు సాంచాలకు పోడు. మాన్కోలి గోదాముల్లో ఒకదాంట్లో పనిచేస్తాడు. కిందటి నెల అడిగాడు: "మామా, ఊర్ల మా తమ్ముడు వస్తనంటుండు. ఏం చెప్పమంటవు?"

"గది అద్దె ఎంతో, డ్యూటీ ఎన్ని గంటలో, తిండికి ఎంతవుతుందో ముందు చెప్పు" అన్నాను.

"గవన్నీ చెప్తె వాడు రాడు మామా."

"అయినా చెప్పు."

ఆ సాయంత్రమే ఫోన్ చేశాడట. తమ్ముడు ఇంకా ఏదీ తేల్చుకోలేదు.